ఏడో గడి

వేసవి ఉపశమన శాఖ ప్రాంతీయ కార్యాలయంలో ఊలు అల్లడం నేరమై పదకొండేళ్ళయింది. అదే పని విధి అయి పదకొండు రోజులయింది. ఈ రెంటికీ మధ్య సీనియర్ అసిస్టెంటు భ్రమరాంబ తన కుర్చీలో కూర్చుని ఉంది.

ముందు నేరం సంగతి. పదకొండేళ్ళ కిందట ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. కాగితాలు చెమట చేతులకు అంటుకుని లేచి వస్తున్నాయి. ఇక ఏ పనీ సాగదని తేలాక ఆమె సొరుగులోంచి సూదులు తీసి ఓ అరగంట అల్లుకుంది. అప్పటి అధికారి కళ్ళారా చూశాడు. ‘కార్యాలయ వేళలయందు ఊలుతో అల్లుచూ పట్టుబడుట’ అన్న అభియోగంతో మెమో వచ్చింది. అల్లిన జానెడు ముక్కనూ సూదులతో సహా గుడ్డసంచిలో పెట్టి, లక్క సీలు వేసి, బీరువాలో దాచారు. విచారణ జోరుగా సాగి ఒకే ఒక్క ప్రశ్న దగ్గర చతికిలబడింది: ‘సదరు వస్తువును ఎవరి కోసం అల్లుచుంటిరి?’

ఆమె చాలాసేపు ఆలోచించి నిజమే రాసింది. ‘తెలియదు.’

తెలియదన్న జవాబుకు ఎంత శిక్ష వెయ్యాలో నిబంధనల్లో ఎక్కడా లేదు. అందుకని శిక్షా పడలేదు, విచారణా ముగియలేదు. ఆమె పదోన్నతి మాత్రం ఆ గుడ్డసంచి పక్కనే బీరువాలో ఉండిపోయింది.

ఇక విధి సంగతి. కొత్తగా వచ్చిన ప్రాంతీయ సంచాలకులు సర్వోత్తమరావుగారిని ఒత్తిడి నిర్వహణ శిక్షణకని మూడు రోజులు ఒక కొండ ఊరికి పంపారు. అక్కడ చలి. శిక్షకురాలు అందరి చేతుల్లోనూ రెండేసి సూదులు పెట్టింది. ఆ రాత్రి సర్వోత్తమరావుగారికి ఎన్నో ఏళ్ళ తర్వాత ఒళ్ళెరగని నిద్ర పట్టింది. చల్లని చోట కంబళి కప్పుకుంటే ఎవరికైనా పడుతుంది. కానీ అధికారి అన్నవాడికి నిద్ర ఊరికే పట్టదు, దానికో పద్ధతి ఉండి తీరాలి. ఆయన ఆ పద్ధతిని సూదుల్లో కనుక్కుని, కొండ దిగిన మర్నాడే ఉత్తర్వు జారీ చేశారు.

‘ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఊలు అల్లిక వలన మనస్సు నెమ్మదించి కార్యదక్షత పెంపొందునని నిపుణులు తేల్చియున్నందున, ప్రతి ఉద్యోగియు ప్రతి దినము మధ్యాహ్నము 2.30 నుండి 3.15 వరకు విధిగా అల్లవలెను. అల్లునప్పుడు ఆనందము పొందవలెను. ఆనందము పొందని వారిపై శాఖాపరమైన చర్యలు తీసుకొనబడును.’

ఆ ఊరు నాపరాళ్ళ గనుల మధ్య ఉంది. నేల రాయి, గోడ రాయి, పైకప్పు కూడా రాయే. మార్చిలో వేడెక్కిన రాయి మళ్ళీ దసరాకి గానీ చల్లారదు. చలివేంద్రాలు పెట్టించడం, మజ్జిగ పొట్లాలు పంచడం, వడదెబ్బల లెక్క పైకి పంపడం ఆ శాఖ పని. నలభై ఆరు డిగ్రీల ఎండలో ఆ పనులన్నీ ఆపి, ముప్ఫై ఒక్క మంది ఊలు పట్టుకుని కూర్చున్నారు.

భ్రమరాంబ సూపరింటెండెంటు గురునాథం దగ్గరికి వెళ్ళింది. ఆయన మంచివాడు. నిబంధన తప్ప మరొకటి ఎరగడు.

“సార్, అల్లినందుకు నా మీద విచారణ నడుస్తోంది కదా. ఇప్పుడు నేను అల్లాలా, మానాలా?”

గురునాథం కళ్ళజోడు సర్దుకున్నాడు. “అది డి-మూడు ఫైలు మేడమ్. ఇది జి-ఒకటి. డి-మూడులో మీరు అల్లకూడదు. జి-ఒకటిలో అల్లకపోతే కూడదు.”

“నాకున్నవి రెండు చేతులే సార్.”

“ఆ సంగతి రాతపూర్వకంగా ఇవ్వండి, పైకి పంపిస్తా. జవాబు వచ్చేదాకా రెండూ పాటించండి.”

కార్యాలయం మొత్తానికి అల్లిక వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. కానీ ఏ నేరానికి నిందితురాలో ఆ నేరాన్నే ఆమె చేత నేర్పించడం సబబు కాదన్నారు. ఆ బాధ్యత సీనియారిటీ ప్రకారం గురునాథానికి వెళ్ళింది. ఆయన ఒక పుస్తకం తెప్పించి రాత్రుళ్ళు కంఠతా పట్టి వచ్చి చెప్పేవాడు. “ఎడమ సూదిపై గల మొదటి ఉచ్చులోనికి కుడి సూదిని ప్రవేశపెట్టవలెను. ప్రవేశపెట్టితిరా?”

“పెట్టితిమి,” అనేవారు అందరూ. ఎవరూ పెట్టలేదు.

“పెట్టిన పిమ్మట ఆనందింపుడు.”

రెండేళ్ళలో రిటైరయ్యే అటెండరు ఓబులేసు ఊలుని చేతులకీ మోకాళ్ళకీ చుట్టుకుని గుమ్మం పక్క స్టూలు మీద కూర్చునేవాడు. “ఎనుములకు ముకుతాళ్ళు ఏసినోణ్ణి మేడమ్ నేను. ఈ దారంతో మాత్రం నా వల్ల కాల్యా. ఆనందం ఎప్పుడొస్తాది? మూడుంబావుకే పోతాదంట గదా!” అనేవాడు గుసగుసగా. భ్రమరాంబ ఎవరూ చూడకుండా అతని చిక్కు తీసి, రెండు వరుసలు అల్లి ఇచ్చేది. సంచాలకులుగారు గదిలోంచి బయటికి వచ్చినప్పుడల్లా ముప్ఫై ఒక్క మందీ ఆనందం పొందేవారు. దానికి పెద్దగా శిక్షణ అక్కర్లేకపోయింది. ఎన్నో ఏళ్ళుగా ఏ అధికారి వచ్చినా వాళ్ళ ముఖాలు చేస్తున్న పనే అది.

ఆమెకు మాత్రం మధ్యాహ్నం రెండున్నర అవుతుంటే, ముప్ఫై ఏళ్ళ నుంచి ఎవరికీ చెప్పకుండా దాచుకున్న పేరును బజార్లో మైకు పెట్టి పిలుస్తున్నట్టుండేది.

ఆమె ఒంటరి మనిషి. చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఒక సిస్టరు దగ్గర నేర్చుకున్న అల్లిక ఒక్కటే ఆమె వెంట ఇంతదూరం వచ్చింది. శనివారం సాయంత్రాలు పాత బజారులో ఖాదర్ వలీ కొట్టుకి వెళ్ళేది. సూదులు, గుండీలు, జడకుచ్చులు, వెనక అరలో ఊలు. ఈ ఊళ్ళో ఊలు ఎవరు కొంటారని అందరూ ఖాదర్ వలీని అడిగేవారు. “ఒకామె కొంటాది,” అనేవాడు. ఆమె రాగానే స్టూలు వేసి, ఉండలన్నీ గల్లాపెట్టె మీద కుప్పపోసి, తన పని తాను చూసుకునేవాడు. తొందరపెట్టేవాడు కాదు. రంగు ఎంచుకోవడంలో ఉన్న సుఖం పక్కన ఎవరైనా నిలబడితే చెదిరిపోతుందని ఆయనకు తెలుసు.

ఆమె ఒక ఉండ తీసి వెలుతురుకు పట్టేది, చెంపకు ఆనించుకునేది, దాని పక్కన ఇంకొకటి పెట్టేది. నేరేడు పక్కన గంధం పెడితే గంధం పెద్దమనిషిలా ఉండేది. అదే గంధాన్ని చిలకపచ్చ పక్కన పెడితే సిగ్గుపడేది. మనుషులు కూడా ఇంతేనేమో, పక్కనున్నవాళ్ళను బట్టి రంగు మారతారేమో అనుకునేది. వాన పడబోయే ముందు నాపరాయికి వచ్చే రంగు ఒకటుంది. ఆ రంగు ఊలు కోసం ఆమె ఏడేళ్ళు వెతికింది. దొరికిన రోజున కొట్లోనే కళ్ళు తుడుచుకుంది. ఖాదర్ వలీ గుండీలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాడు.

ఇంటికి వెళ్ళాక ఆ ఉండ ఎక్కడ పెట్టాలన్నది సమస్య. బీరువా ఎప్పుడో నిండింది. బియ్యం డబ్బాలో ఊలుండేది, బియ్యం సంచిలోనే ఉండేవి. మంచం కింద నాలుగు పెట్టెలు. ఆగిపోయిన గ్రైండరు గిన్నెలో వంగపండు రంగుల కుటుంబం మొత్తం కాపురముండేది. ఇదే చివరిదని ప్రతి ఉండకూ చెప్పి మరీ కొనేది. అల్లిన ఊలు ఏదో ఒకటి అయిపోతుంది, అల్లని ఊలు ఇంకా ఏదైనా కావచ్చు. తన ఇంటినిండా పోగుపడ్డది ఆ ‘కావచ్చు’నే అని ఆమెకు తెలుసు. తెలిసినందువల్ల కొనడం తగ్గలేదు.

వాటన్నిట్లోంచీ పుట్టినది మంచం మీద దిండు పక్కన ఉండేది. మెమో వచ్చిన సాయంత్రం, జానెడు ముక్క బీరువాలోకి పోయిన కోపంలో, నీలం ఊలుతో మొదలుపెట్టింది. నీలం అయిపోతే ఇటుక రంగు ముడివేసింది. అలా ఏ రోజుకు ఏ రంగు తోస్తే అది ముడివేస్తూ పదకొండేళ్ళు అల్లింది. మూరెడు వెడల్పు, పదిహేను అడుగుల పొడవు. అది స్వెట్టరు కాదు, దుప్పటి కాదు, మఫ్లరు అంతకన్నా కాదు. చివరి వరుస మూసేస్తే అది ఒక వస్తువవుతుంది, వస్తువైతే ఎవరిదో ఒకరిదవుతుంది. అందుకని మూయలేదు. సూదుల మీదే ఉంచింది. చూసినవాళ్ళందరూ ఒకటే అడిగేవారు, “ఎవరికి?” అని. ఆమె నవ్వేసేది.

రెండో వారంలో రిజిస్టరు వచ్చింది. ప్రతి ఉద్యోగీ తాను అల్లుతున్నదాని వివరాలు ఏడు గడుల్లో నింపాలి. ఆరో గడి ‘రంగును ఎంచుకొనుటకు గల కారణము’. ఏడో గడి ‘ఎవరి కోసం (లబ్ధిదారు పేరు)’. ఆరో గడి పరిశీలించడానికి మనోవర్ణ సలహాదారు డాక్టర్ నిరంజన్ అనే ఆయన్ని నియమించారు. సన్నటి గొంతు, మెత్తటి చూపు. ఎవరు ఏమి చెప్పినా అసలు చెప్పదలచింది అది కాదని ఆయన నమ్మకం.

ఆయన గోడకు ఒక పట్టిక తగిలించారు. ఎరుపు: క్రమశిక్షణ పట్ల విముఖత. బూడిద: పై అధికారుల పట్ల అసంతృప్తి. ఆకుపచ్చ: సెలవుపై మితిమీరిన ఆసక్తి. నలుపు: విడిగా మాట్లాడవలెను. గోధుమ రంగు: కర్తవ్యనిష్ఠ.

సాయంత్రానికల్లా ఊళ్ళో గోధుమ రంగు ఊలు అయిపోయింది. “నలభై ఏండ్ల నుంచి ఎవురూ తాకని రంగమ్మా అది,” అన్నాడు ఖాదర్ వలీ బిత్తరపోయి. “ఎలకలు గూడ కొట్టలేదు దాన్ని.”

భ్రమరాంబ వంతు వచ్చింది. ఆమె చేతిలో ఉన్నది నేరేడు రంగు.

“ఈ రంగు ఎందుకు ఎంచుకున్నారు?” అన్నారు నిరంజన్.

“బాగుందని.”

“అది పైకి చెప్పే కారణం. లోపల?”

“లోపల కూడా బాగుందనే అండీ.”

ఆయన ‘తీవ్ర ప్రతిఘటన’ అని రాసుకున్నారు. “మీ ఏడో గడి ఖాళీగా ఉంది.”

“ఎవరి కోసమూ కాదండీ.”

“ఎవరో ఒకరు ఉంటారు. ఉండి తీరాలి. లేని మనిషి కోసం ఎవరూ అల్లరు.” ఆయన ముందుకు వంగి గొంతు ఇంకా సన్నం చేశారు. “ఇంట్లో ఊలు ఇంకా ఉందా?”

ఆమె ఒక్క క్షణం ఆలస్యం చేసింది. ఆ క్షణాన్ని కూడా ఆయన రాసుకున్నారు.

మర్నాడే నిల్వల ప్రకటనపై ఉత్తర్వు వచ్చింది. వాడని ప్రతి ఉండా ఒక అణచుకున్న కోరిక అనీ, కోరికలను ఇళ్ళలో పోగుచేయుట వలన కార్యాలయంలో ఏకాగ్రత కుంటుపడుననీ, మూడు ఉండలకు మించిన నిల్వను కేంద్ర ఊలు కొట్టుకు స్వాధీనం చేయవలెననీ దాని సారాంశం.

ఆదివారం పొద్దున్నే సంచాలకులుగారు, నిరంజన్, గురునాథం ఆమె ఇంటికి వచ్చారు. వెనక గోనెసంచులతో ఓబులేసు. రెండు గదుల పోర్షన్లో నలుగురు మగవాళ్ళు నిలబడేసరికి గాలి ఆడలేదు.

“ఇది ఏమిటి?” అన్నారు సర్వోత్తమరావుగారు.

“గ్రైండరండీ.”

“ఇందులో?”

“ఊలు.”

“ఆ డబ్బాలో?”

“ఊలే.”

“ఆ దేవుడి పటం వెనకాల?”

“అక్కడ రెండే అండీ. పసుపూ కుంకుమ రంగులు.”

లెక్కపెట్టడం మధ్యాహ్నం దాకా సాగింది. నాలుగు వందల పదిహేడు. నిరంజన్ ముఖంలో ఒక రకమైన భక్తి కనబడింది. “ఒక్క మనిషికి నాలుగు వందల పదిహేడు అణచుకున్న కోరికలా! నా వృత్తిలో చూడలేదు,” అన్నారు. అల్లగా మిగిలిన నాపరాయి రంగు ఉండను గోనెసంచిలో వేస్తున్నప్పుడు ఓబులేసు ఒకసారి ఆమె వైపు చూసి దాన్ని కింద పడెయ్యకుండా మెల్లిగా పెట్టాడు.

అన్నీ అయ్యాక గురునాథం మూడు ప్రతుల్లో ధ్రువపత్రం రాసి ఒకటి ఆమెకిచ్చాడు. “మీ ఇంట ఊలు నిల్వ శూన్యమని కార్యాలయం ధ్రువీకరిస్తోంది మేడమ్. మూడు ఉండలు ఉంచుకోవచ్చు గానీ, అవి ఏవో తేల్చాలంటే కమిటీ వెయ్యాలి. ఈ కాగితం జాగ్రత్త. రేపు మీ దగ్గర ఊలుందని ఎవరన్నా, ఇది చూపించండి, చాలు.”

అప్పుడే సర్వోత్తమరావుగారి కన్ను దిండు పక్కకి వెళ్ళింది. పదిహేను అడుగుల పొడుగు మడతలు మడతలుగా విప్పుకుంది. నీలంతో మొదలై, సూదుల దగ్గర నేరేడుతో ఆగి ఉంది. ఆయన కూడా మనిషే. కొండ ఊళ్ళో పట్టిన నిద్ర గుర్తొచ్చినట్టు చెయ్యి చాచి ఒకసారి దాన్ని నిమిరారు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోతే ఈ కథ ఉండేది కాదు.

“దీనికి లబ్ధిదారు ఎవరు?” అన్నారు.

“ఏడో గడి ఖాళీ సార్,” అన్నాడు గురునాథం.

“ఖాళీ ఎందుకుండాలి? ఇరవై ఏడో తేదీ వేసవి ఉపశమన వారోత్సవాలు. మంత్రిగారు ప్రధాన అతిథి. శాలువా కప్పాలా, వద్దా? బజారు శాలువా ఎవరైనా కప్పుతారు. మన సిబ్బంది మనశ్శాంతితో స్వయంగా అల్లిన శాలువా!” ఆయన కళ్ళు మెరిశాయి. “భ్రమరాంబగారూ, మీ డి-మూడు ఫైలు ఆ రోజుతో మూసేస్తాను. పదకొండేళ్ళ మచ్చ పోతుంది.”

“అది పూర్తి కాలేదండీ.”

“ఇరవై ఏడుకి పూర్తవుతుంది.”

“అది పూర్తయ్యేది కాదండీ.”

“ఉత్తర్వు ఇచ్చాక పూర్తికాకపోవడమంటూ ఉండదు,” అన్నారు సర్వోత్తమరావుగారు దయగా. వెళ్ళేముందు గురునాథం చేత ఏడో గడిలో ‘మంత్రివర్యులు’ అని రాయించారు.

వాళ్ళు వెళ్ళాక ఇల్లు ప్రతిధ్వనించింది. ఆమె ఖాళీ బియ్యం డబ్బా మూత తీసి చూసి, పెట్టేసింది. పదోన్నతి గురించి ఆలోచించడానికి ప్రయత్నించింది. మనసు అటు వెళ్ళలేదు. దిండు పక్కనున్నది తన మీద కప్పుకుని చూసుకుంది. పదకొండేళ్ళలో ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు. ఒళ్ళంతా చెమట పట్టింది. అది ఒంటి మీద వేసుకునేది కాదు. దాన్ని ఎవరి మీద వేసినా అబద్ధమే అవుతుంది. అలాంటిది ఒక వేదిక మీద, చప్పట్ల మధ్య, ముఖం తెలియని మనిషి మెడ చుట్టూ! ఆ అబద్ధాన్ని ఎవరితోనూ చెప్పుకోవడానికి కూడా మాటలు లేవు. ఇరవై ఏడో తేదీ పొద్దుటి దాకా, దానికే అంటిపెట్టుకుని మిగిలిపోయిన నేరేడు ఉండతో, ఆమె దాన్ని అల్లుతూనే ఉంది. చివరి వరుస మాత్రం మూయలేదు.

ఇరవై ఏడున ఎండ నలభై ఆరున్నర. స్కూలు మైదానంలో షామియానా కింద జనం విసనకర్రలతో కూర్చున్నారు. వేదిక వెనక సంచాలకులుగారి బొమ్మా మంత్రిగారి బొమ్మా ఉన్న పెద్ద ఫ్లెక్సీ. కార్యక్రమం నిమిషాల వారీగా అచ్చువేసి పంచారు. ‘11.05: శాలువా కప్పబడును. 11.07 నుండి 12.20: ప్రసంగములు. 12.20: శాలువాతో ఛాయాచిత్రము.’

వేదిక మెట్ల దగ్గర భద్రతా అధికారి శాలువా మోసుకొస్తున్న ఓబులేసును ఆపాడు. “ఏంటివి? సూదులా? సూదిగా ఉన్న వస్తువులు మంత్రిగారి దగ్గరికి పోవు.”

ఓబులేసు పరిగెత్తుకొచ్చాడు. “మేడమ్, సూదులు పీకుతాండారు!”

భ్రమరాంబ సర్వోత్తమరావుగారి దగ్గరికి వెళ్ళింది. “సార్, ఒక్క మాట. చివరి వరుస మూయకుండా సూదులు తీసేస్తే ఉచ్చులు...”

“మీరు ఇప్పుడు సమస్యలు లేవనెత్తకండి. ప్రొటోకాల్.”

“పోనీ దారమైనా కోసి, కొస ముడి...”

“కత్తెర కూడా తేకూడదంటున్నాడాయన. ఈ ఉండ ఒకటి వేలాడుతోందేం? ఫోటోలో పడుతుంది. మీరు ఫ్లెక్సీ వెనకాల కూర్చుని దాన్ని పట్టుకోండి. కనబడకూడదు. మీరూ, ఉండా.”

ముప్ఫై ఒక్క మంది నెలరోజులుగా అల్లుతున్న కార్యాలయం అది. సూదులు తీసిన అల్లిక ఏమవుతుందో భ్రమరాంబకు తప్ప వాళ్ళలో ఎవరికీ తెలియదు. అక్కడిదాకా ఎవరూ అల్లలేదు. గురునాథం పుస్తకంలో అది ఆఖరి పాఠం.

ఆమె ఫ్లెక్సీ వెనక ఇనప కుర్చీలో కూర్చుంది. ఫ్లెక్సీ చీలికలోంచి మంత్రిగారి కుర్చీ వెనకభాగం మూడడుగుల దూరంలో కనబడుతోంది. పదకొండూ అయిదుకి శాలువా కప్పారు. మెడ చుట్టూ రెండు చుట్లు తిరిగి, కొస కుర్చీ వెనక్కి జారి వేలాడింది. జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారి మెడ మీద చెమట ధారలు కట్టడం ఆమెకు కనబడింది. ఆయన పెద్ద వయసువాడు. శాలువా తియ్యడానికి లేదు, 12.20కి ఫోటో ఉంది.

సర్వోత్తమరావుగారు మైకు అందుకున్నారు. మంత్రిగారు ఊపిరాడక ముందుకు కదిలారు. ఆమె చేతిలో దారం ఒకసారి గుంజుకుంది. నేరేడు వరుస ఒకటి, నిద్రలో చెయ్యి జారినట్టు, చప్పుడు లేకుండా ఊడి వచ్చింది.

అప్పుడు ఆమె దారాన్ని వదులుగా పట్టుకుని ఊరుకోవచ్చు. అలా ఊరుకుంటుందని తను కూడా అనుకుంది. కానీ వేళ్ళు అప్పటికే జారిన దారాన్ని ఉండకు చుట్టేశాయి. చుట్టడం అవగానే దారం మళ్ళీ బిగిసింది. బిగిసిన దారాన్ని వేళ్ళు మళ్ళీ చుట్టాయి. ఇది నేను చేస్తున్నానా అని మనసు అడిగింది. వేళ్ళు జవాబు చెప్పలేదు.

నేరేడు అయిపోయింది. ముడి దాటింది. నాపరాయి రంగు మొదలైంది, కిందటేడు జులై. అమ్మ పోయిన నెల బూడిద రంగు వచ్చింది. వెంటనే మావిచిగురు, ఆ ఏడే ఎందుకో తెలియని సంతోషంతో వారం రోజులు అల్లినది. ఇంత వేగంగా పదకొండేళ్ళు ఎదురొచ్చి వెళ్ళిపోతుంటే ఆమెకు దుఃఖం రాలేదు. ఆశ్చర్యం వేసింది. ఏ ఏడూ పోవడం లేదు. ఉండలోకి వస్తోంది, అంతే.

ఓబులేసు నీళ్ళ గ్లాసుతో ఫ్లెక్సీ వెనక్కి వచ్చి నిలబడిపోయాడు. చీలికలోంచి ఒకసారి చూశాడు. “మేడమ్... సారు మెడకాడ ఒక చుట్టు పాయె.”

“గమ్మునుండు ఓబులేసూ.”

“నేనేమంటిని? ఎండకి పాపం పెద్దాయన అల్లాడతాండ్య. ఇంగ రొంత గట్టిగా లాగు తల్లీ.”

వేదిక ముందు మూడు వేల మంది ఉన్నారు. శాలువా కురచవడం అందరూ చూశారు. ముందు వరుసలో ఉన్న గురునాథం కార్యక్రమపత్రం తీసి చూసుకున్నాడు. అందులో శాలువా కప్పబడును అని ఉంది, కప్పబడింది. విప్పబడరాదు అని ఎక్కడా లేదు. నిరంజన్ దాన్ని తన మనసు పుట్టించిన భ్రమగా గుర్తించి, కళ్ళు మూసుకుని విశ్లేషించుకోసాగారు. సర్వోత్తమరావుగారికి కనబడుతూనే ఉంది. ఆయన మాట తడబడింది, ప్రసంగం తొందరగా ముగించి కూర్చున్నారు. కానీ 11.40కి మంత్రిగారి ప్రసంగం మొదలైంది, దాని మధ్యలో లేవడం కార్యక్రమపత్రంలో ఎక్కడా రాసి లేదు.

మంత్రిగారికి మొదట్లో ప్రాణం పోతున్నట్టుంది. పోనుపోను మెడ మీద గాలి తగిలింది. భుజాలు తేలికయ్యాయి. పన్నెండు గంటలకి ఆయన గొంతులో నిజమైన ఉత్సాహం వచ్చింది. “ఇంత ఎండలో నాకు ఇప్పుడు ఎంత చల్లగా ఉందో మీకు చెప్పలేను! ఈ శాలువా కప్పుకున్నాకే ఈ చల్లదనం! ఇదీ ఉపశమనమంటే! ఈ పథకాన్ని రాష్ట్రమంతటా అమలు చేస్తామని ఈ సభాముఖంగా ప్రకటిస్తున్నాను!”

చప్పట్లు మోగుతుండగా నీలం మొదటి వరుస కూడా వచ్చేసింది. దారపు కొస ఫ్లెక్సీ చీలికలోంచి తోకలా జారి ఆమె ఒళ్ళో పడింది. ఓబులేసు ఎక్కణ్ణుంచో ఒక గోనెసంచి తెచ్చి విప్పి పట్టుకున్నాడు. ఉండ గుమ్మడికాయంత ఉంది.

12.20కి ఫోటో తీశారు. మంత్రిగారి భుజాల మీద ఏమీ లేదు. కింద ‘శాలువాతో మంత్రివర్యులు’ అని అచ్చువేశారు.

శాలువా ఏమైందన్న దాని మీద గురునాథం నివేదిక రాశాడు. ‘సదరు శాలువా లబ్ధిదారునిపై పూర్తిగా వినియోగింపబడి, చల్లదనముగా మారినది. మిగులు: శూన్యము.’ అంతకన్నా నిజమైన వాక్యం ఆ కార్యాలయంలో ఎవరూ ఎప్పుడూ రాయలేదు. డి-మూడు ఫైలు మూసేశారు. పదకొండేళ్ళ కిందటి జానెడు ముక్కను సీలు విప్పి ఇచ్చారు. ఆ ఫైల్లో ఇంకా జవాబు లేని ప్రశ్న ఒకటుందని ఎవరికీ తట్టలేదు.

నెల తిరక్కుండా రాష్ట్రమంతటికీ ఉత్తర్వు వచ్చింది. చల్లదనం శాలువా వలన గాక, అది విడిపోవుట వలన కలిగెనని నిరంజన్ సవివరంగా రుజువు చేశారు. ఇకపై ప్రతి ఉద్యోగీ ఉదయం అల్లవలెను, మధ్యాహ్నం విప్పవలెను, విప్పునప్పుడు చల్లదనము పొందవలెను. సర్వోత్తమరావుగారు పదోన్నతి మీద రాజధానికి వెళ్ళారు. ముప్ఫై మంది గోధుమ రంగు ఊలును పొద్దున అల్లి మధ్యాహ్నం విప్పసాగారు. విప్పడం ఓబులేసుకు సులువుగా వచ్చింది. ఉత్తమ ఉద్యోగిగా అతని పేరు పైకి పంపారు.

భ్రమరాంబ మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“మీరు అల్లట్లేదేం మేడమ్?” అన్నాడు గురునాథం రిజిస్టరుతో వచ్చి.

ఆమె సొరుగులోంచి ధ్రువపత్రం తీసి చూపించింది. కింద ఉన్నది గురునాథం సంతకమే. నిల్వ శూన్యం. ఊలు లేదని కార్యాలయమే ధ్రువీకరించిన మనిషి చేత ఊలు అల్లించడానికి వీల్లేదు. ఊలు కొనుక్కోమంటే ధ్రువపత్రం అబద్ధమవుతుంది. ఆయన రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

“మరి ఇప్పుడు మీరు ఏం చేస్తున్నట్టు రాయమంటారు?”

“ఏమీ చెయ్యట్లేదని రాయండి సార్.”

గురునాథం ముఖం తేటపడింది. ఏమీ చెయ్యకుండా కూర్చోవడానికి ఆ కార్యాలయంలో ఏనాడూ ఎవరి అనుమతీ అవసరం కాలేదు. సంతోషంగా రాసుకుని, ఏడో గడి దగ్గర అలవాటుగా కలం ఆపాడు. “ఎవరి కోసం?”

ఆమె నవ్వింది. ఇంట్లో బియ్యం డబ్బాలో గుమ్మడికాయంత ఉండ ఉంది. వెనకనుంచి చుట్టుకుంటూ వచ్చింది కాబట్టి మొదటి ఏటి నీలమే ఇప్పుడు పైన ఉంది. జానెడు ముక్క సూదుల మీదే ఉంది. నీలం దానికి ముడివేస్తే సరిపోతుంది. ఆ తర్వాత మళ్ళీ ఇటుక రంగేనా, లేక ఈసారి గంధమా అన్నదే ఇంకా తేలలేదు.

గురునాథం కాసేపు చూసి, ఏడో గడిలో ఒక గీత గీసి, పక్క బల్ల దగ్గరికి వెళ్ళాడు.